కూతవేటు దూరం

వల్పరైసోలో పియానోలకి శ్రుతి పెడతాను.
నలభై చిల్లర గుట్టలు, నాకున్నవి రెండే మోకాళ్లు.
ఏ ఇంటికి ఎన్ని మెట్లో
పనిముట్ల సంచీకి నాకంటే బాగా తెలుసు.

కింద బ్యాంకులున్న చదునంతా ఒకప్పుడు సముద్రం.
కూలిన కొండచరియలూ, మునిగిన ఓడల పక్కటెముకలూ
తెచ్చి పూడ్చి, దానిమీద గడియారం నిలబెట్టారు.
వాన గట్టిగా పట్టిన రాత్రి
సముద్రం తన పాత చిరునామా వెతుక్కుంటూ వచ్చి
చెప్పులు విప్పకుండానే
తపాలా కచేరీలోకి నడుస్తుంది.

మిగతా జనమంతా నిలువుగా బతుకుతాం.
ఓడలు దింపిన రేకులు మా గోడలకి,
ఓడలకి పూయగా మిగిలిన రంగు ఆ రేకులకి.
అందుకే మా వంటిల్లు సగం దాకా పసుపు,
డబ్బా అయిపోయిన చోటినుంచి ఎరుపు.

ఇక్కడ కూతవేటు దూరమంటే
దగ్గరని కాదు.
లోయకి అవతల ఎమెతేరియో దగ్గితే
ఇవతల నా పక్కలో వినిపిస్తుంది.
ఒక నిమ్మకాయ ఇచ్చి రావాలంటే మాత్రం ముప్పావుగంట,
రెండొందల పద్నాలుగు మెట్లు దిగి
మళ్లీ అన్నీ ఎక్కి.
అందుకే మేం వెళ్లం. అరుస్తాం.
బాకీలు అరుస్తాం, పురుళ్లు అరుస్తాం,
మా అక్క పెళ్లి లోయమీదుగానే కుదిరింది.
వరుడి ముఖం తర్వాత చూశారు.
చూశాక అరుపులు ఇంకాస్త పెరిగాయి.

నీరు పల్లమెరుగు.
గ్యాసు బండలమ్మేవాడు మెరక ఎరగాలి.
ఇనపకడ్డీతో బండమీద వాడు కొట్టే దెబ్బ
ఏడో మలుపు దాకా ఎక్కాలి.
చేపలమ్మే గొంతు కిటికీ రెక్క తోసుకు పోవాలి.
రాత్రి సారాకొట్లో పాడేదీ ఆ గొంతులే:
మెడ నరాలు పొంగి, మొదలే పైస్థాయిలో.
మైదానం ఊళ్లనుంచొచ్చిన సంగీతం మాస్టారొకాయన
"ఎందుకయ్యా అంత గట్టిగా?" అన్నాడు.
ఏం చెప్పను,
బరువు పైకి మోస్తూ పుట్టిన పాటకి
కిందకి దించి పాడటం ఎవరు నేర్పుతారు?

మా ముత్తాత నాడు ఎక్కడో ఉత్తరాన
నేల నడుము కోసి కాలువ తవ్వారు.
కొమ్ము చుట్టూ తిరిగొచ్చే ఓడలు ఆ దారిన పోయాయి.
ఇక్కడ హోటళ్లు ఒక్కొక్కటే దీపం ఆర్పాయి,
ఆరింటికీ ఆరు పియానోలు అప్పులకింద గుట్టలెక్కాయి.
నా పొట్ట గడిచేది ఆ కాలువ పుణ్యమే.

అందులో ఒకటి ఉబల్దీనా గారిది.
ఎనిమిదిమంది మోశారు, ఒకడి వేలు పోయింది.
భూమి కంపించినప్పుడల్లా అది
ఒక అంగుళం సముద్రం వైపు నడుస్తుంది.
ఎడమకాలి కింద ఓడచెక్క ముక్క పెట్టి ఆపారు.
మొదటిసారి నేను శ్రుతిదండం మోగించబోతే
ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.
"దాంతో కాదు. పదకొండు కానీ."
పదకొండింటికి రేవులో ఓడ కూసింది.
"దానికి కలుపు. రోజూ కిటికీలోంచి వచ్చేది అదే.
ఈ పెట్టెకీ దానికీ పడకపోతే
మధ్యలో నేను నిద్రపోలేను."

తిట్టుకుంటూనే కలిపాను.
ఇరవై ఏళ్ల తర్వాత చూసుకుంటే
ఆ గుట్టమీద పియానోలన్నీ
పావు స్వరం కిందికి, రేవు వైపు ఒరిగి ఉన్నాయి.
పిల్లలు ఆ ఒరుగులోనే పాడుతున్నారు.
తప్పని చెప్పడానికి
వాళ్లు వేరే ఊరు వినలేదు.

మొన్న కొత్త కంటైనర్ ఓడొచ్చింది.
అది కూత కాదు, కొండ కడుపులో కదలిక.
మర్నాడు లోయమీదుగా ఉబల్దీనా గారి కేక:
"ఇంకాస్త దించాలోయ్!"
అంత దించితే తీగ మోగదు, వేలాడుతుంది.
ఆ సంగతి అరిచి చెప్పేది కాదు.
అందుకే ఎక్కుతున్నాను.

నూట ముప్పై దగ్గర ఊపిరికోసం ఆగితే
సంచీలోంచి జారి శ్రుతిదండం
ఇనప కమ్మీకి తగిలింది.
ఎవరూ అడగని స్వరమొకటి
కమ్మీ పట్టుకుని మెల్లగా
కిందికి దిగిపోతోంది, ముసలాడిలా.

"ఎక్కడిదాకా వచ్చావ్?" పైనుంచి ఆవిడ.
మెడ నరాలు పొంగేలా జవాబిచ్చాను.
అవతలి గుట్టమీద ఎవరో
"సగం దాకా వచ్చాట్ట" అని అందించారు.